697, కమిన్స్, హినో: పాత లారీల్లో ఏ ఇంజిన్ ఎవరికి

పాత లారీ అమ్మకానికి ఉందని తెలియగానే అందరూ అడిగేవి రెండే: టాటానా లేలాండా, ఎన్నో సంవత్సరం బండి? ఇంజిన్ సంగతి బేరం సగం అయ్యాక గానీ గుర్తుకు రాదు. నా లెక్కలో ఈ వరస తలకిందులుగా ఉంది. ఒకే మోడల్ పేరు కింద రెండు రకాల ఇంజిన్లు తిరిగిన కాలం అది. వాటి లాగుడు వేరు, మరమ్మతు పద్ధతి వేరు, నప్పే పని వేరు. 697 ఇంజిన్ ఉన్న టాటాకూ కమిన్స్ ఇంజిన్ ఉన్న టాటాకూ మధ్య తేడా ఒక్కోసారి టాటాకూ లేలాండ్‌కూ ఉన్న తేడా కంటే పెద్దది.

ఇక్కడ చెప్పేది 1970ల నుంచి 2000ల దాకా వచ్చిన, కంప్యూటర్ జోలి లేకుండా మెకానికల్ డీజిల్ పంపుతో నడిచే ఆరు సిలిండర్ల లారీల గురించే. 2010లో దేశమంతటా బీఎస్-3 పొగ నిబంధన వచ్చాక మొదలైన బండ్ల కథ వేరు. వాటిని ఇందులో కలపడం లేదు.

ముందు పేరు చదవడం

టాటా మోడల్ నంబరు చదవడం వస్తే అమ్మేవారు చెప్పే సగం మాటలు మీకే తెలిసిపోతాయి. 1954 నుంచి 1969 వరకు జంషెడ్‌పూర్‌లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) లారీలు డైమ్లర్-బెంజ్ ఒప్పందం కింద తయారయ్యాయి. ఆ జర్మన్ పద్ధతి పేర్లలో అలాగే ఉండిపోయింది. మొదటి రెండు అంకెలు లోడుతో కలిపి బండి మొత్తం బరువు, టన్నుల్లో. చివరి రెండు అంకెలను పదితో హెచ్చిస్తే సుమారుగా హార్స్‌పవర్ వస్తుంది. 1210 అంటే 12 టన్నులు, 100 హార్స్‌పవర్ చుట్టుపక్కల. 1613 అంటే 16 టన్నులు, 130. 2515 అంటే మూడు ఇరుసుల 25 టన్నుల బండి, 150.

ముందుండే అక్షరాలు కూడా ఊరికే పెట్టినవి కావు. ఎస్‌ఈ అంటే ఇంజిన్ సగం బానెట్ కింద, సగం క్యాబిన్‌లోకి ఉండే సెమీ ఫార్వర్డ్ బండి. ఎల్‌పీటీ అంటే ముఖం చదునుగా ఉండి, డ్రైవరు పక్కనే ఇంజిన్ ఉండేది. ఎల్‌పీకే టిప్పర్, ఎల్‌పీఎస్ ట్రైలర్‌ను లాగే ట్రాక్టర్, ఎల్‌పీఓ బస్సు. గీత తర్వాత వచ్చే 42, 48, 62 వంటి అంకెలు వీల్‌బేస్‌ను, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని చెబుతాయి: 42 అంటే సుమారు 4.2 మీటర్లు. ఇటుకల బట్టీ దారుల్లో తిరిగే బండికి 62 తీసుకుంటే మలుపు మలుపుకూ రివర్సు గేరు వేయాల్సిందే.

లేలాండ్‌లో మొదట అంకెల కంటే పేర్లే నడిచాయి: కామెట్, టారస్, టస్కర్. తర్వాత వారూ 1613, 1616, 2516 లాంటి అంకెల దారికి వచ్చారు. అంకెల పక్కన హెచ్ అక్షరం ఉంటే జపాన్ కంపెనీ హినో సంతతి ఇంజిన్ అని అర్థం.

టాటా 692, 697

ఈ రెండు నంబర్లలోనే ఇంజిన్ కొలత దాగి ఉంది. 6 అంటే సిలిండర్లు, మిగతా రెండంకెలు బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో. 692లో 92 మిల్లీమీటర్ల బోరు, 120 స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం), మొత్తం 4,788 సీసీ. 697లో 97 బోరు, 128 స్ట్రోకు, 5,675 సీసీ. ఈ రెండోది బెంజ్ ఓఎం 352 కొలతలతోనే ఉంటుంది. 1960ల నుంచి ప్రపంచంలో సగం దేశాల లారీలు, బస్సుల్లో తిరిగిన ఇంజిన్ అది.

692ను ఇవాళ పని కోసం కొనమని ఎవరికీ చెప్పను. పాత 1210ని దాని అసలు రూపంలో నిలబెట్టుకోవాలన్న సరదా ఉన్నవారికి మాత్రం అదే కావాలి. అలాంటివారు లోపల 697 వేసిన 1210ని చూసి మోసపోకూడదు. లాగుడు పెరుగుతుందని ఆ మార్పు చేయించుకున్న యజమానులు కొందరున్నారు. తోలడానికి అది మేలే. పాత రూపాన్ని కాపాడుకోవాలనుకునేవారికి మాత్రం నష్టం.

టర్బో (గాలిని బలవంతంగా ఇంజిన్‌లోకి తోసే చక్రం) లేని 697 గురించి నాకు మొదటి నుంచీ మంచి అభిప్రాయమే. 1612లో ఎక్కువగా కనిపించేది ఇదే. దీని బలం గుర్రపు శక్తిలో లేదు, ఓర్పులో ఉంది. ఆయిల్ మార్చడం కాస్త ఆలస్యమైనా వెంటనే కక్ష కట్టదు. బ్యాటరీ చచ్చినా, వాలులో దొర్లించి స్టార్ట్ చేస్తే ఊరు చేరుస్తుంది. లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్, రింగులు సెట్టుగా దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ ఆటోనగర్‌లోనైనా 697 విప్పి బిగించడం తెలియని డీజిల్ మెకానిక్ ఉండరు. టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదలాల్సిన సందు, ఇన్‌లెట్‌కు 0.20, ఎగ్జాస్ట్‌కు 0.30 మిల్లీమీటర్లు అని చాలామంది ఫీలర్ గేజి తీయకముందే చెప్పేస్తారు.

లోపం కూడా అక్కడే ఉంది. టర్బో లేనప్పుడు సిలిండరు తనంతట తాను పీల్చుకున్న గాలికి సరిపడా డీజిల్ మాత్రమే మండుతుంది. అంతకు మించి డీజిల్ పంపు పెంచితే వచ్చేది నల్లపొగే, లాగుడు కాదు. నిండు లోడుతో మారేడుమిల్లి ఘాటు ఎక్కేటప్పుడు 1612 ఏ గేరులో పాకుతుందో ఆ దారిలో వెనక పడ్డ బస్సు డ్రైవర్లను అడిగితే తెలుస్తుంది.

ఆ కొరత తీర్చడానికి వచ్చిందే టర్బో ఉన్న 697 టీసీ. ఎస్‌ఈ 1613లో ఇది బాగా తిరిగింది. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో చక్రం తిప్పి గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది కనుక అదే 5,675 సీసీ నుంచి ఎక్కువ పని వస్తుంది. టన్నుకు లెక్కేస్తే డీజిల్ కూడా కలిసొస్తుంది. కానీ టర్బో లేకుండా పుట్టిన ఇంజిన్‌కు తర్వాత టర్బో తగిలించినప్పుడు వేడి లెక్క మారుతుంది. రేడియేటర్ సగం పూడిన 1612 ఏదోలా బతుకుతుంది. అదే నిర్లక్ష్యం 1613 టీసీ మీద చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ రూపంలో బిల్లు వస్తుంది. ఘాటు ఎక్కి ఆపిన వెంటనే తాళం తీసేసే డ్రైవరు చేతిలో టర్బో బేరింగులు ఎక్కువ కాలం ఉండవు: చక్రం ఇంకా తిరుగుతుండగా ఆయిల్ సరఫరా ఆగిపోతుంది, మిగిలిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపడం అలవాటున్న డ్రైవరు మీకుంటేనే టర్బో బండి చూడండి. లేకపోతే 1612 చాలు.

కమిన్స్ 6బీటీ

1993లో ఏర్పడిన టాటా కమిన్స్ ఉమ్మడి సంస్థ ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లో ఈ ఇంజిన్ తయారీ మొదలుపెట్టింది. 102 బోరు, 120 స్ట్రోకు, 5,883 సీసీ. కాగితం మీద 697 కంటే 200 సీసీ పెద్దది, అంతే. తోలి చూస్తే తేడా తెలుస్తుంది. కింది ఆర్‌పీఎంలోనే లాగుడు అందుకుంటుంది. గేరు దించాల్సిన చోట ఇంకాస్త దూరం పై గేరులోనే పోతుంది. ఇది టర్బోను దృష్టిలో పెట్టుకొనే పుట్టిన ఇంజిన్. పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మి చల్లబరిచే నాజిళ్లు ఉంటాయి. అమెరికాలో 1989 నుంచి డాడ్జ్ రామ్ పికప్పుల్లో పెట్టింది కూడా ఈ 5.9 లీటర్ల ఇంజిన్‌నే.

1613, 2515 లాంటి పేర్ల మీద 697 రకమూ దొరుకుతుంది, కమిన్స్ రకమూ దొరుకుతుంది. గుర్తుపట్టడానికి ఎవరినీ అడగనక్కరలేదు. ఇంజిన్ మూత ఎత్తి పైనుంచి చూడండి. ఒక్కో సిలిండరుకూ విడిగా ఓ చిన్న వాల్వు కవరు, వరసగా ఆరు ఉంటే అది కమిన్స్. పొడవాటి ఒకే కవరు ఉంటే 697. క్యాబిన్ మీద ఏ స్టిక్కరు అతికించి ఉన్నా పట్టించుకోకండి.

కమిన్స్ అంటే చాలు అని కళ్లు మూసుకొని కొనేవారికి ఒక మాట. ఈ ఇంజిన్‌లో పిస్టన్ నేరుగా బ్లాకులోనే ఆడుతుంది, విడిగా లైనర్ ఉండదు. అరిగితే బ్లాకును 0.5, ఆపై 1.0 మిల్లీమీటరు దాకా బోరు చేసి పెద్ద పిస్టన్లు వేస్తారు. అదీ దాటితే లోపల స్లీవు (కొత్త గొట్టం) దించాలి. అది బోరింగ్ యంత్రం కచ్చితంగా ఉన్న వర్క్‌షాపులోనే జరగాల్సిన పని. కాబట్టి ఇంతకుముందు ఎన్నిసార్లు ఇంజిన్ పని జరిగిందో, ఇప్పుడున్నవి ఏ సైజు పిస్టన్లో అడగాలి. 697 విషయంలో ఈ ప్రశ్నకు అంత బరువు లేదు. కమిన్స్‌లో మాత్రం ఈ ఒక్క జవాబుతో ధర మారాలి. 1.0 మిల్లీమీటరు అయిపోయిన బ్లాకుకు స్టాండర్డ్ బ్లాకు ధర కట్టకండి.

ఇంకో చిన్న విషయం, చాలామంది మెకానిక్‌లు మాట్లాడనిది. ఈ తరం 5.9 ఇంజిన్లలో టైమింగ్ గేర్ల హౌసింగ్‌ను సరైన చోట నిలిపే ఉక్కు డోవెల్ పిన్ను ఒకటుంటుంది. ఏళ్ల తరబడి అదురుకు అది మెల్లగా బయటికి జరిగి గేర్ల మధ్య పడితే హౌసింగ్ పగిలిపోతుంది. డాడ్జ్ యజమానుల్లో దీనికి చాలా చెడ్డపేరుంది. ముందు కవరు ఏ పనికోసం విప్పినా, ఆ పిన్ను మీదికి ఓ చిన్న రేకు వచ్చేలా బోల్టుతో బిగించేయమనండి. పది నిమిషాల పని.

టాపెట్లు ఇక్కడ ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.50. 697కు అలవాటుపడ్డ చేయి కమిన్స్‌కూ 0.30 పెడితే ఎగ్జాస్ట్ వాల్వులు మాడతాయి. మీ ఊరి మెకానిక్‌ను పరీక్షించడానికి ఇదే సులువైన ప్రశ్న.

లేలాండ్ 370, 400, ఆపై హినో

లేలాండ్ పాత ఇంజిన్ల నంబర్లు బ్రిటిష్ కొలతలో ఉంటాయి, క్యూబిక్ అంగుళాల్లో. 370 అంటే సుమారు 6.1 లీటర్లు, 400 అంటే సుమారు 6.5 లీటర్లు. అంటే టాటా 697 కంటే పెద్ద ఇంజిన్లు. కామెట్ల పేరు నిలబెట్టింది ఇవే. మెల్లగా తిరుగుతూ బరువు లాగే రకం. పికప్ కోసం చూసేవారికి ఇవి విసుగు పుట్టిస్తాయి. నీళ్ల ట్యాంకర్‌కు, మిల్లు నుంచి గోదాముకు ధాన్యం తోలే బండికి ఆ మెల్లదనమే సుఖం.

పాత లేలాండ్ వైపు నన్ను మొగ్గేలా చేసేది ఇంజిన్ కంటే బ్రేకులు. ఫుల్ ఎయిర్ బ్రేకుల విషయంలో లేలాండ్ ముందు నడిచింది. పాత 1210లో ఉండేది గాలి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ పద్ధతి. పైపు ఎక్కడైనా ఆయిల్ కారితే పెడల్ కిందికి పోతుంది. వాలు దారుల్లో తిరగాల్సి వస్తే ఈ ఒక్క కారణంతో 1210ని పక్కన పెట్టొచ్చు.

విడిభాగాల సంగతికొస్తే 370, 400 ఇప్పుడు వయసు మళ్లిన ఇంజిన్లు. ఆర్టీసీలో లేలాండ్ బస్సులు పెద్ద సంఖ్యలో తిరిగిన ప్రాంతం కనుక పాత చేతులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. అయితే వారిలో చాలామంది రిటైరయ్యారు. కొనే ముందు మీ తాలూకాలో అలాంటివారు ఒకరైనా పనిలో ఉన్నారో లేదో కనుక్కోండి.

1980ల్లో జపాన్ హినోతో ఒప్పందం కుదిరాక వచ్చిన ఆరు సిలిండర్ల హెచ్ సిరీస్ వేరే స్వభావం గలది. 104 బోరు, 113 స్ట్రోకు, 5,759 సీసీ. స్ట్రోకు పొట్టిది కనుక చురుగ్గా తిరుగుతుంది. పాత 400 తోలినవారు దీన్ని అదే పద్ధతిలో, కింది ఆర్‌పీఎంలో మూలగనిస్తూ తోలితే లాగుడు లేదంటారు. దీన్ని కాస్త తిరగనివ్వాలి. మైలేజీ, నిశ్శబ్దం రెండింటిలో 400 కంటే మేలు. విడిభాగాలు కూడా సులువుగానే దొరుకుతాయి, ఎందుకంటే ఈ సంతతి ఇంజిన్లు తర్వాత చాలాకాలం లేలాండ్ బస్సుల్లో, లారీల్లో కొనసాగాయి. టర్బో ఉన్న హినోకూ 1613 టీసీకి చెప్పిన జాగ్రత్తలే వర్తిస్తాయి.

ఏ పనికి ఏది

ఊరికీ పట్నానికీ మధ్య నలభై యాభై కిలోమీటర్ల లోపు, రోజుకు ఒకటి రెండు ట్రిప్పులు, మిగతా సమయం చెట్టు కింద నిలబడే బండి కావాలంటే టర్బో లేని 697 ఉన్న 1612. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. తక్కువ తిరిగే బండికి టర్బో పెట్టుబడి తిరిగి రాదు.

రోజంతా రోడ్డు మీద ఉండి లోడు మీదే బతికే బండికి కమిన్స్. డీజిల్ ఖర్చు పెద్ద పద్దు అయినప్పుడు దాని విడిభాగాల ధర ఎక్కువైనా లెక్క కుదురుతుంది. మూడు ఇరుసుల బండికైతే 2515లో 697 రకం వద్దు, కమిన్స్ రకం దొరికేదాకా ఆగండి. 25 టన్నుల కింద 697 ఎప్పుడూ తన శక్తి అంచు మీదే పనిచేస్తుంది. టారస్‌లో హినో దొరికితే అదీ సమానమే. రెండింటి మధ్య నేనైతే బండి స్థితిని చూసి తేల్చుకుంటాను, కంపెనీని చూసి కాదు.

నీళ్ల ట్యాంకర్‌కు, నిలబడి పంపు తిప్పే పనికి లేలాండ్ 400 లేదా మామూలు 697. రాయి క్వారీ టిప్పర్‌కు మాత్రం ఇంజిన్ కంటే చాసిస్ ముందు చూడాలి. వెనక స్ప్రింగు కట్టల హ్యాంగర్ల దగ్గర వెల్డింగ్ మచ్చలుంటే ఎంత మంచి కమిన్స్ ఉన్నా వదిలేయండి.

ఎస్‌ఈనా, ఎల్‌పీటీనా అన్నది మెకానిక్ కోణంలో చూడండి. ఎస్‌ఈలో బానెట్ ఎత్తితే ముందు సగం చేతికి అందుతుంది. పాత ఎల్‌పీటీలో క్యాబిన్ వంగదు. సీటు, మూత తీసి లోపలినుంచే పని చేయాలి, ఎండాకాలంలో ఆ మూత పక్కన కూర్చొని తోలాలి. బదులుగా అదే వీల్‌బేస్‌లో ఎల్‌పీటీకి బాడీ పొడవు ఎక్కువ వస్తుంది. గడ్డి, దూది లాంటి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ సరుకు వేసేవారికి అది డబ్బే.

చూడబోయే రోజు

ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లగానే బ్లాకు మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. టీ తాగొచ్చి, మధ్యాహ్నం దాకా ఆగి చూడండి, లేదా ఇంకో రోజు రండి. చల్లటి ఇంజిన్ సెల్ఫుకు ఎలా అందుకుంటుందో చూడకుండా పాత డీజిల్ ఇంజిన్ గురించి ఏమీ చెప్పలేం.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి, దాన్ని తలకిందులుగా అదే రంధ్రం మీద ఊరికే ఆనించండి. కొద్దిగా అదురుతూ అక్కడే ఉంటే మంచిది. ఎగిరి పడుతుంటే రింగులు, బోరు అరిగాయి, మండిన గాలి కిందికి దిగుతోంది. నీలి పొగ వస్తే ఆయిల్ తాగుతోందని. తెల్లపొగ చల్లగా ఉన్నప్పుడు కాసేపు రావడం మామూలే, వేడెక్కాకా ఆగకపోతే నాజిళ్లు, కంప్రెషన్, హెడ్ గ్యాస్కెట్ మూడూ చూడాలి. లోడు మీద నల్లపొగ కక్కుతూ బాగా లాగుతుందంటే సంతోషించకండి. అమ్మకానికి ముందు పంపు పెంచి ఉంటారు. టర్బో ఉంటే ఇంజిన్ ఆపాక గొట్టం విప్పి చక్రం పట్టి కదపండి. పక్కలకు అతి కొద్ది ఆట ఉండొచ్చు. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడను రాసుకున్న గీతలున్నా టర్బో ధర బేరంలోంచి తగ్గించండి.

మైలేజీ అడగడం అనవసరం. నిజం తెలిసినవారు చెప్పరు, చెప్పినవారికి తెలియదు.

చివరగా కాగితాలు. బ్లాకు మీద చెక్కిన నంబరునూ, ఆర్‌సీలోని ఇంజిన్ నంబరునూ అంకె అంకె కలిపి చూడండి. ఆటోనగర్‌లో ఇంజిన్ మార్చడం ఒక్క రోజు పని. ఆ మార్పును రవాణా శాఖ అనుమతితో ఆర్‌సీలో ఎక్కించాలన్నది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకు వచ్చే వ్యవహారం. చాలా పాత బండ్లలో ఈ పని జరగదు, ఆ బరువు కొన్నవారి మీద పడుతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, వయసు పెరిగేకొద్దీ ఫీజు కూడా బాగా పెరుగుతుంది. నంబరు కలవకపోతే ఆ ఫిట్‌నెస్ దగ్గరే బండి ఆగిపోతుంది. నంబరు తుప్పు పట్టి కనిపించకపోతే డీజిల్‌తో తుడిచి, కాగితం ఆనించి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకోండి. ఆ అచ్చు ఆర్‌సీతో సరిపోయాకే అడ్వాన్సు మాట ఎత్తండి.